మన ఇంటి గాటు

బాత్‌వెల్ పైన కొండల్లో, టాస్మేనియా
ఆగస్టు

బావా,

నీ ఉత్తరం చేరింది. తప్పులు దిద్దడం మానేశాను. చదువుతుంటే నీ గొంతే వినబడింది. ఈ లోయలో ఫోన్ పలకదని బాధపడకు, పోస్టు బండి వారానికి రెండుసార్లు వస్తుంది. పెళ్లయిన కొత్తలో మంద దగ్గర గొంగడి మీద కూర్చోబెట్టి నీ చేత అక్షరాలు దిద్దించాను కదా, ఇన్నాళ్లకు అక్కరకొచ్చాయి. మామ అప్పుడేమన్నాడో గుర్తుందా? "మన ఇండ్లల్ల బడికి పోయింది నువ్వొక్కదానివే, చాలు. ఇంక గొర్లకు గూడ చెప్తవా సదువు?" అన్నాడు.

నిన్న మంచు కురిసింది. గొర్రెలు ఈనే కాలం ఇక్కడ ఇదే. పొద్దున్నే వెళ్లేసరికి పచ్చికలో ఎర్రటి మరకలు. ఇక్కడి కాకులు మన కాకుల్లాంటివి కావు. తల మాత్రమే బయటికొచ్చిన పిల్ల నాలుక పీకేశాయి. లేవలేక పడి ఉన్న తల్లి కన్ను పొడిచాయి. అది గుడ్డి కన్నుతోనే నా వైపు తిరిగి అరిచింది. సిగ్రున్ ఆంటీ కత్తి తీసి నా చేతికిచ్చి, "నీ యూనివర్సిటీలో ఇది నేర్పరు" అంది. నేర్పారు, కానీ బొమ్మ మీద. తల్లి గొంతు కోశాను. చేతులకు నెత్తురు వెచ్చగా తగిలింది. ఆ చలిలో ఆ వెచ్చదనం బాగుందనిపించింది, అందుకే ఇంకా ఏడుపొచ్చింది. తల్లిని, పిల్లని ఒకే గుంటలో వేశాం.

ఆంటీ సంగతి నీకు తెలుసు. ఈస్టరుకు నువ్వు వచ్చి రెండు రోజులున్నావు కదా. నువ్వెళ్లాక కూడా నిన్నే తలుచుకుంటుంది. డెబ్బై దాటిన మనిషి, భర్త పోయాక ఇంత మందను ఒక్కతే నెట్టుకొస్తోంది. నా పశువుల చదువులో ఆఖరి సంవత్సరం ప్రాక్టికల్ పని ఇక్కడ పడడం నా అదృష్టం. రాత్రి పొయ్యి దగ్గర వాళ్ల దేశం కబుర్లు చెబుతుంది. ఐస్‌లాండులో వేసవంతా గొర్రెలను కొండల మీదికి వదిలేస్తారట, కాపరి ఉండడట. చలికాలం ముందు ఊళ్లన్నీ గుర్రాలెక్కి వెళ్లి అన్నిటినీ కలిపి తోలుకొస్తాయట. బండి చక్రంలాంటి రాతి దొడ్డి, చక్రం ఆకుల్లాంటి అడ్డుగోడల మధ్య ఒక్కో గది ఒక్కో ఇంటిది. చీకట్లో కూడా చెవి తడిమి, గాటు చూసి, "ఇది మాది" అని లాక్కెళతారట. ఒక్కో ఇంటికి ఒక్కో గాటు. అచ్చం మనలాగే.

నువ్వూ ఆమే అట్ట ముక్కలు కత్తిరించుకుంటూ మాట్లాడుకున్నారు చూడు, ఆ ముక్కలు ఇంకా పొయ్యి మీది గూట్లోనే ఉన్నాయి. ఎడమ చెవి కొస చీలిక ఆమెది. కుడి చెవి కొస కోత, ఎడమ చెవి వెనక రెండు గాట్లు మనది. నువ్వు తెలుగులోనే మాట్లాడావు, ఆమె వాళ్ల భాషలో జవాబిచ్చింది, ఇద్దరికీ అర్థమైంది. మధ్యలో నేను ఇంగ్లిషు పట్టుకుని పిచ్చిదానిలా కూర్చున్నాను.

ఆమె అల్లిన స్వెట్టరు వేసుకుంటున్నావా? వేసుకో.

నీ
అమూల్య


స్మిత్‌టన్
ఆగస్టు ఆఖరు

అమూల్యా,

మంచిగున్న. స్వెట్టరు ఇప్పుడు ఒంటిమీదనే ఉంది. లారీలకు జీవాలను ఎక్కించుడు, దించుడు, అదే పని. ఈడ గొర్రెను గొర్రె అని ఎవడూ చూడడు. ఎక్కకుంటే కరెంటు కట్టె పెడ్తరు. ఒకదాని కాలు చెక్కల సందున ఇరికి ఇరిగింది. ఎముక బయటికొచ్చినా దాన్ని అట్లనే తోలిండ్రు. ఎట్లయినా చచ్చేదే గద అన్నరు.

నువ్వు కోసిన అని రాసినవు. మంచి పని చేసినవు. అయితే కత్తి దవడ కింద పెట్టాలె, పైకి కాదు. తల ఎనక్కి పట్టి ఒక్క గుంజుడు. ఆలోచించొద్దు. ఆలోచిస్తే దానికి నొప్పి.

ఒకటి చెప్త, కోపం చేయకు. పోయిన బేస్తవారం నాడు ఒగడు నన్ను చూసి గొర్రె లెక్క అరిచిండు. అందరు నవ్విండ్రు. రోజు అరుస్తనే ఉంటడు. ఆ పొద్దు నా చేతిల పలక ఉండె, జీవాలను తోలే పలక. దవడ మీద ఒక్కటేసిన. పండ్లు రాలినయి. కింద పడ్డంక గూడ కొట్టిన. డారెన్ అని ఒకాయన ఉన్నడు, సొంత లారీ ఆయనది, ఆయనే గుంజి పక్కకు తీసుకపోయిండు. జారి పడ్డడని అందరితోని చెప్పిచ్చిండు. పోలీసు దాంక పోలే.

నీ సదువు కోసం మంద అమ్మి ఈడికి వచ్చిన కానుంచి నా చేతులు నా చేతుల లెక్క లేవు. అమ్మినందుకు నిన్ను అంటలేను. నేనే అమ్ముదామన్న. కానీ రోజూ వేల జీవాలు చూస్త, ఒక్కటి నాది కాదు. అన్నీ కత్తికి పోయేటివి.

ఆంటీ మంద ఎట్లుంది? పిల్లలు ఎన్ని బతికినయి? చెవులు ఎప్పుడు కోస్తరు?

నరసింహ


బాత్‌వెల్ పైన
సెప్టెంబరు

బావా,

నువ్వు కొట్టిన సంగతి చదివి రెండు రోజులు కలం పట్టలేదు. వాడు అరిచాడు, నువ్వు కొట్టావు, అక్కడి దాకా అర్థమైంది. కింద పడ్డాక కూడా కొట్టడం ఎందుకు? మన ఊళ్లో తోడేలు మంద మీద పడ్డప్పుడు నువ్వు బండతో దాని తల చితక్కొట్టావని గొప్పగా చెప్పుకునేవాళ్లం. అది తోడేలు. ఇతను నీతో పాటు అన్నం తినే మనిషి. నువ్విక్కడ ఉన్నది నా వీసా మీద. ఇంకోసారి ఇలా జరిగితే ఇద్దరం ఒకే విమానం ఎక్కాలి. బెదిరించడం కాదు, భయపడి రాస్తున్నాను.

డారెన్ మంచివాడే కావచ్చు. అబద్ధం చెప్పించి కాపాడినవాడికి రేపు నువ్వు ఏం చేసిపెట్టాల్సొస్తుందో చూసుకో.

పిల్లలు బాగున్నాయి. మంచు పోయాక చావులు తగ్గాయి. మూడొంతులు బతికాయి. ఈ మధ్య ఒక తల్లి చస్తే దాని పిల్లకు, పిల్ల చచ్చిన ఇంకో తల్లిని అంటగట్టాం. నువ్వు చెప్పిన పద్ధతే, చచ్చిన పిల్ల తోలు వలిచి బతికిన దానికి తొడిగాం. ఆంటీ కళ్లు పెద్దవి చేసి, "ఐస్‌లాండులో మా నాన్న ఇలాగే చేసేవాడు" అంది.

ఆ రాత్రి తన చిన్నతనం చెప్పింది. మందలో ఒక గొర్రెకు ఏదో మాయరోగం, ఒళ్లు గోకి గోకి చస్తుందట. ఒక్కదానికి వచ్చినా ప్రభుత్వం మందంతా చంపేస్తుందట. తుపాకులతో మనుషులొచ్చారు. వాళ్ల నాన్న ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచి తెచ్చి ఇచ్చాడట. పేరు పెట్టి పిలిస్తే బెదరకుండా వస్తాయని. సాయంత్రానికి గొయ్యి నిండింది. ఆ మనిషి మళ్లీ గొర్రెను ముట్టుకోలేదట. అక్కడ ఇంకో రూలు కూడా ఉందట. రోగం పాకకుండా కొండల మీద కంచెలు వేస్తారు. కంచె దాటి అవతలి జిల్లాలోకి పోయిన గొర్రె ఎంత మంచిదైనా మళ్లీ ఇంటికి రానివ్వరు, అక్కడే కోసేస్తారు. "దానికేం తెలుసు కంచె సంగతి" అన్నాను. "దానికి తెలియదు. అందుకే కంచె మనం కాపాడాలి" అంది.

చెవులు కోసేది నవంబరు మధ్యలో. నా పరీక్ష అయ్యాక చేద్దామని ఆంటీ ఆపింది. ఈసారి నేనే కోస్తాను. నువ్వొచ్చి సాయం చేయకూడదా? నీ చేతి వేగం ఇక్కడ ఎవరికీ లేదు.

అమూల్య


స్మిత్‌టన్
అక్టోబరు

అమూల్యా,

వచ్చుడు కాదు. సెలవు ఇయ్యరు.

నువ్వు అన్నది నిజమే, కొట్టుడు తప్పే. ఇంక కొట్ట.

డారెన్‌కు అడవుల దిక్కు కొంచెం భూమి ఉంది, లీజుది. గడ్డి నడుముల దాంక ఉంది, తినే నోరు లేదు. నన్ను తీసుకపోయి చూపిచ్చిండు. వాగు పారుతుంది. ఆడ నిలబడితే నాకు మన ఊరి బీడు యాదికొచ్చింది. భూమి నాది, కాపు నీది, మంద ఇద్దరిది అంటడు డారెన్. మంద ఏడికెల్లి వస్తది అని నవ్విన. వస్తది అన్నడు. బీరప్ప దయ ఉంటే మనకు గూడ ఒక మంద ఉంటది, మన గాటుతోని. నువ్వు సదువుకున్న డాక్టరమ్మ లెక్క దానికి సూదులేద్దువు.

ఒక మాట అడుగుత. చెవులు కోసే నాడు పిల్లలను తల్లుల కాడికెల్లి ఎప్పుడు ఏరు చేస్తరు? మన కాడ ముందు నాడే ఏరు చేస్తం, కడుపు తేలికగుంటది. దొడ్డి రోడ్డు దిక్కే ఉండె గద, ఈస్టరుకు చూసిన. ఆ గేటు ఇంకా తీగెతోనే కట్టుతున్నరా? కుక్క ఎట్లుంది, మోరి, ముసలిదైంది, ఇంక చెవులు వినబడ్తయా దానికి?

నీ పరీక్ష ఏ దినం? ముందు నాడే హోబర్ట్ పో. రాత్రి నీ దోస్తు లాస్య కాడ ఉండు. తెల్లారి తొవ్వల మంచు పొగ ఉంటది, ఆ పొద్దు ఎనక్కి రాకు. నిమ్మళంగ రా.

నరసింహ


బాత్‌వెల్ పైన
నవంబరు మొదట్లో

బావా,

ఎన్నాళ్లకు ఇంత పెద్ద ఉత్తరం. గొర్రెల మాట ఎత్తితే చాలు, నీకు కాగితం చాలదు.

మీ పద్ధతే ఇక్కడా. ముందు రోజు సాయంత్రం పక్క రైతు వచ్చి పిల్లల్ని వేరు చేసి రోడ్డు పక్క దొడ్లో పెట్టి వెళతాడు. పంతొమ్మిదిన నా పరీక్ష, ఇరవైన చెవులు కోసేది. పంతొమ్మిది రాత్రి లాస్య దగ్గర పడుకుని ఇరవై పొద్దున్నే బస్సెక్కి వస్తాను. నువ్వు చెప్పినట్టు నిమ్మళంగానే. గేటుకు ఇంకా ఆ తీగే. బాగు చేయిద్దామంటే ఆంటీ, "ఈ కొండల్లో దొంగెవడు, ఈ చిన్న కంగారూలు, వాలబీలు తప్ప" అంటుంది. మోరి రోజంతా మెట్ల మీద పడుకుంటుంది. కుక్కకు చెవుడొస్తే ముసలితనం హాయిగా గడుస్తుందట, ఆంటీ మాట. నీ పేరు చెబితే మాత్రం తోకాడిస్తుంది. నువ్వు పెట్టిన మాంసం ముక్కలు మరిచిపోలేదు.

గాటు పడేదాకా ఆ పిల్లలు ఎవరివో వాటికే తెలియదు. అందుకే ఆంటీ రోజూ లెక్కేసుకుంటుంది.

మంద మాట. ఆశ పడు బావా, తప్పు లేదు. నా చదువు అయిపోనీ, ఉద్యోగం రానీ, నాలుగు గొర్రెలతో మొదలుపెడదాం. సొంతానివి.

అమూల్య


హోబర్ట్, ఆసుపత్రి
నవంబరు ఇరవై మూడు

బావా,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఇక్కడ సిగ్నల్ ఉంది, నువ్వే పలకడం లేదు. అందుకే రాస్తున్నాను.

ఇరవైన నేను దిగేసరికి రోడ్డు మీద పోలీసు బండి ఉంది. దొడ్డి ఖాళీ. ఒక్క పిల్ల లేదు. తీగ కోసేసి ఉంది. గేటు దగ్గర మోరి పడి ఉంది, లారీ చక్రం దాని నడుము మీదుగా పోయింది. అది అరవలేదట, బావా. అరిచి ఉంటే ఆంటీకి ముందే మెలకువ వచ్చేది. తెలిసినవాళ్లకు ఎదురెళ్లినట్టు తోకాడించుకుంటూ వెళ్లి ఉంటుందని పక్క రైతు అన్నాడు. ముసలిదైంది కదా, దానికి అందరూ తెలిసినవాళ్లే అన్నాను.

ఆంటీ తెల్లవారకముందే పొగమంచులో చప్పుడు విని బయటికి వెళ్లింది. గేటు పక్కన పడున్న ఇనుప కడ్డీతో కొట్టారు. ముఖం మీద ఒకటి, పడ్డాక తుంటి మీద ఒకటి. ఎడమ కన్ను తీసేశారు. తీసేశారంటే, తీయడానికి మిగిలింది తీసేశారు. రెండో కన్ను వాచి మూసుకుపోయింది. తుంటికి ఇనుము వేశారు. రోడ్డు మీద రెండు గంటలు పడి ఉంది, చలికి రక్తం గడ్డకట్టబట్టి బతికిందని డాక్టరు చెప్పింది.

పోలీసులు అడిగితే, "పొగమంచు. ఏమీ కనబడలేదు" అంది. మళ్లీ మళ్లీ అడిగారు. అదే మాట.

తల్లులు నాలుగు రోజులుగా అరుస్తూనే ఉన్నాయి. పొదుగులు రాళ్లయ్యాయి, చీము పట్టి పగిలినవి కూడా ఉన్నాయి. నిన్న ఒకదాని దవడ కింద కత్తి పెట్టాను, నువ్వు చెప్పినట్టే. ఆలోచించకుండా. రేపు మళ్లీ కోయాలి.

పరీక్ష బాగా రాశాను. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. నేనిక్కడ ఉండి ఉంటే ఏమయ్యేదో.

నువ్వు రా. నాకు భయంగా ఉంది.

అమూల్య


స్మిత్‌టన్
నవంబరు ఆఖరు

అమూల్యా,

నీ జాబు చదివిన. బాధైంది. ఆంటీ మంచి మనిషి. దేవుడు చల్లగ చూడాలె.

ఫోన్ నీళ్లల్ల పడ్డది. పని మస్తుగున్నది, రాలేను.

నువ్వు ఆడ ఉండకు. హోబర్ట్ పో, లాస్య కాడ ఉండు. పిల్లలు ఎట్లయినా దొరకవు, ఇట్లాంటియి దొరకవట. పోలీసులతోని ఎక్కువ మాట్లాడకు, మనం బయటోళ్లం.

నువ్వు ఆ పొద్దు ఆడ లేవు, అదే మేలు.

నరసింహ


బాత్‌వెల్ పైన
డిసెంబరు

బావా,

ఆంటీ ఇంటికొచ్చింది. కర్ర పట్టుకుని నడుస్తోంది. మిగిలిన కంటికి ఇంకా కట్టు ఉంది. నేనే స్నానం చేయిస్తున్నాను. జడ అల్లుతున్నాను.

నిన్న ఒక పోలీసావిడ బండి వెనక ఒక గొర్రెపిల్లను తెచ్చింది. మీ స్మిత్‌టన్ దిక్కు, అడవి రోడ్డు మీద కొన్ని పిల్లలు తిరుగుతూ దొరికాయట. చెవికి వేసే నంబరు ట్యాగులు లేవు. ఏ కంచె దాటి వచ్చాయో తెలియదు, చుట్టూ అడవి. చెవుల మీద కోతలున్నాయి కానీ రాష్ట్రంలో ఎవరూ రాయించుకున్న గుర్తు కాదట. "మీ మందవేనా, గుర్తు పట్టగలరా?" అని అడిగింది.

ఆంటీ కుర్చీలో కూర్చునే ఉంది. పిల్లను ఒళ్లో పెట్టించుకుంది. ముందు ఎడమ చెవి పట్టుకుంది. వేలితో వెనకంచు వెంబడి మెల్లగా తడిమింది. ఆగింది. మళ్లీ తడిమింది. తర్వాత కుడి చెవి కొస. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నాకు తడమాల్సిన పని లేదు, బావా. అక్కడి నుంచే కనబడుతోంది. కుడి చెవి కొస కోత, ఎడమ చెవి వెనక రెండు గాట్లు. కోత శుభ్రంగా, ఒక్క దెబ్బకు పడింది. చీము లేదు. కోశాక పసుపు అద్దిన మరక ఇంకా ఉంది. ఈ దేశంలో గొర్రె చెవికి పసుపు అద్దేవాడు ఎవడు?

"ఊలు మా మందదే. గాటు నాది కాదు. ఎవరిదో చెప్పలేను" అంది ఆంటీ.

పోలీసావిడ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

ఆవిడ వెళ్లాక ఆంటీ, "టీ పెట్టు" అంది. అంతే. గూట్లో అట్ట ముక్కలు లేవు. ఎప్పుడు తీసేసిందో, చూపు లేని మనిషి గోడ పట్టుకుని వెళ్లి.

ట్యాగు లేకుండా, గుర్తు లేకుండా వదిలేస్తే ఎవరికీ దొరికేవాడివి కాదు. కానీ చెవి ఊరికే వదల్లేకపోయావు కదూ. మామ నేర్పింది అదే కదా, గాటు లేని గొర్రె అనాథ అని.

ఒక్కటే అడుగుతున్నాను. లారీ నడిపింది డారెన్ అయి ఉంటాడు. పిల్లల్ని ఎక్కించింది నువ్వు. కడ్డీ ఎవరి చేతిలో ఉంది?

అమూల్య


స్మిత్‌టన్
డిసెంబరు

అమూల్యా,

నా చేతిల.

రాయొద్దనుకున్న. నీకు అబద్ధం రాయనీకి చెయ్యి వస్తలేదు, ఈ చెయ్యికి రాత నేర్పింది నువ్వు.

పిల్లలను ఎక్కిచ్చినం. అయిపోయింది. మోరి వచ్చి నా కాళ్లు నాకింది. డారెన్ లారీ ఎనక్కి తీసిండు, అది నన్ను చూసుకుంట చక్రం కింద పడ్డది. అప్పుడు ఆంటీ వచ్చింది. పొగల ఏం కనబడ్తలే. మనిషిని కనిపెట్టి రొమ్ము మీద పట్టుకుంది. నా ఒంటిమీద ఆమె స్వెట్టరు ఉండె. చలి గద, అలవాటుగ ఏసుకున్న, సోంచాయించలే. చేతితోని తడిమింది. అల్లిక తెలిసింది ఆమెకు. "నరసిమ్మా" అన్నది. తిట్టలే. ఆశ్చర్యంగ అన్నది, ఇంటికొచ్చినోణ్ణి పిలిచినట్టు.

అప్పుడే కొట్టిన. పేరు అనకుంటే కొట్టకపోతుంటినేమో. పడ్డంక ఇంకోటి కొట్టిన. ఎందుకో నువ్వు మొన్న అడిగినవు. ఇప్పుడు గూడ తెల్వదు.

నువ్వు లేని దినం చూసుకునే పోయిన. నీకు దెబ్బ తగలొద్దని. తేదీ నువ్వే చెప్పినవు, దొడ్డి నువ్వే చెప్పినవు, నిన్ను అంటలేను.

చెవులు కోసిన నాడు మస్తు సంబురమైంది. మన గాటు పడంగనే అవి నావే అయినయి అనిపిచ్చింది. ఆ ఒక్క రోజు మల్ల మనిషినైన.

ఆంటీకి మొదటి నుంచి తెలుసు. చెప్పలే. ఆమె చెప్పది. నువ్వు చెప్పకుంటే ఎవనికీ తెల్వదు. చెప్తే నీ సదువు, నీ నౌకరి, మనిద్దరం, అన్నీ పోతయి. ఈ జాబు పొయ్యిల ఎయ్యి.

ఆమె దేశంల కంచె దాటిన గొర్రెను ఏం చేస్తరో రాసినవు. నేను దాటిన. ఇప్పుడు కత్తి నీ చేతిల ఉంది.

నరసింహ


బాత్‌వెల్ పైన
ఫిబ్రవరి

నరసింహకు,

ఈ ఉత్తరం నీకిచ్చే ముందు జైలువాళ్లు ఎవరిచేతనో చదివిస్తారట. చదివించనీ.

నీ జాబు అందిన రోజే నేను బాత్‌వెల్ స్టేషనుకు నడిచి వెళ్లాను. దారిలో కాగితం మీద రెండు చెవులు గీశాను. బల్ల మీద పెట్టి, "ఇది మా ఇంటి గాటు" అన్నాను. పోలీసావిడకు వెంటనే అర్థం కాలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. నా గొంతు నాకే వినబడుతోంది, ఎవరో మాట్లాడుతున్నట్టు. నీ ఉత్తరాలన్నీ ఇచ్చేశాను, ఆఖరిది కూడా. తెలుగు తెలిసినవాళ్ల కోసం మెల్‌బోర్న్ పంపారు. మంద దగ్గర గొంగడి మీద నేను దిద్దించిన అక్షరాలు. నా ఉత్తరాలు నీ గదిలో దొరికాయట, వాటిలో తేదీ, దొడ్డి, తీగ, అన్నీ నా చేతిరాతలో ఉన్నాయి. నాలుగు గంటలు నన్ను కూడా ప్రశ్నించారు. తప్పు లేదు, నేనైనా ప్రశ్నించేదాన్ని.

ఇంటికొచ్చేసరికి ఆంటీ మెట్ల మీద కూర్చుని ఉంది. కట్టు విప్పేశారు, ఒక కంటితో చూస్తోంది.

"చెప్పావా?" అంది.

"చెప్పాను. నువ్వెందుకు చెప్పలేదు?"

"నాకు కన్ను పోయింది. నేను చెబితే నీకు ఇల్లు పోతుంది. ఆ పనికి నాకు చేయి రాలేదు."

"మరి అట్ట ముక్కలెందుకు తీసేశావు?"

"అవి చూసి పోలీసులే కనుక్కోవడం వేరు, నువ్వు చెప్పడం వేరు" అంది. తర్వాత నా చేయి పట్టుకుని మెట్ల మీంచి లేచింది. ఆమె క్షమించిందని రాయాలని నీకుంటుంది. ఆమె ఆ మాట అనలేదు, నేను అడగలేదు.

నా వీసా ఏమవుతుందో తెలియదు. చదువు అయింది, పట్టా వచ్చింది. మన ఇళ్లల్లో మొదటిది. హోబర్ట్ వెళ్లినప్పుడు మామకు ఫోన్లో చెప్పాను, నీ సంగతితో పాటు. ఆయన అడిగింది ఒక్కటే, "గాటు మీద పసుపు రాసిండా?" రాశావని చెప్పాను. ఫోన్ పెట్టేశాడు.

కత్తి నా చేతిలో ఉందని రాశావు. దవడ కింద పెట్టి ఒక్క గుంజు, ఆలోచించొద్దు అని నువ్వే నేర్పావు. నేను ఆలోచించాను. స్టేషను దాకా ఉన్న దారంతా ఆలోచించాను. అందుకే ఇంకా నొప్పిగా ఉంది.

డారెన్ భూమిలో పిల్లలన్నీ దొరికాయి, పోయినవి పోగా. లారీలో తెచ్చి ఇక్కడ దించారు. తల్లులు వాటిని గుర్తుపట్టలేదు. పాలు ఎప్పుడో ఎండిపోయాయి. పక్క పక్కనే మేస్తున్నాయి, అంతే. పాత గాటు మీద ఆంటీ గుర్తు వేద్దామని చూశాం. చోటు లేదు. నువ్వు కుడి చెవి కొస అంత లోతుగా కోశావు, ఎడమ చెవి గాట్లు కొసకు అంత దగ్గరగా పెట్టావు. ఇంక కోస్తే చెవే ఉండదు. "వదిలేయ్, వాటి రక్తం ఎన్నిసార్లు చూస్తాం" అంది ఆంటీ.

అందుకని మంద అలాగే ఉంది. పొద్దున్నే గేటు తీసి కొండ మీదికి నేనే వదులుతున్నాను. గేటుకు ఇప్పుడు గొలుసు ఉంది. సాయంత్రం ఆంటీ గేటు పక్కన కుర్చీ వేసుకుని, చూపు లేని వైపు నుంచి పోయే వాటిని చేత్తో తడిమి లెక్కేసుకుంటుంది. ఆమె వేళ్ల కింద రోజూ మన ఇంటి గాటే తగులుతుంది.

నువ్వు అడిగింది ఇదే కదా. మన గుర్తు ఉన్న మంద, నడుముల దాకా గడ్డి, పారే వాగు, సూదులేయడానికి నేను. అన్నీ ఉన్నాయి. మనది కాదు.

వచ్చే ఏడు ఇవి ఈనుతాయి. పుట్టిన పిల్లలకు ఎడమ చెవి కొస చీలుస్తాను. మన గాటు వీటితోనే ఆఖరు.

అమూల్య